సున్న

నేను నంబర్ ప్లేట్లు రాసేవాణ్ణి,
మాగడి రోడ్డులో పంక్చర్ షాపు పక్క సందులో.
హిందూపురం నుంచి వచ్చిన కొత్తలో
కన్నడం నా నోటికంటే ముందు చేతికి వచ్చింది.
ఒక కడుపున పుట్టిన లిపులే రెండూ,
తలపాగా చుట్టే తీరు వేరు.
తలకట్టు మార్చి కడితే
మా అక్షరం వాళ్ళ వీధిలో తిరుగుతుంది.

శనివారం రాత్రి ఓబులక్క ఆరు అట్టలు తెచ్చింది.
ఎవరింటికో వచ్చిన ఫ్రిజ్ పెట్టె,
చెత్తబండిలోంచి తీసి
కొడవలితో కోసినట్టుంది, అంచులు వంకర.
"రాయప్పా" అనింది.
"ఏం రాయాల?"
"మూణ్ణెల్లుగా జీతం పడలేదని రాయి.
చేతులకు తొడుగులు ఇయ్యలేదని రాయి.
తెల్లారుజామున రోడ్డూడుస్తా ఉంటే
మారెక్కను కారు గుద్దిపోయింది సూడు,
ఆస్పత్రి బిల్లు ఎవురు కడతారని రాయి.
ఇంకా చోటుంటే
న్యాయం అని రాయి."

చోటు మిగిలింది, ఒక్క అట్ట మీద.
అయిదు కన్నడంలో రాసి
ఆరోది నా సంతోషానికి తెలుగులో రాశాను.
కుంచె చివరికొచ్చేసరికి గుండ్రంగా తిరిగింది.
అప్పుడు చూశాను.
న్యాయం చివర సున్న.
జీతం చివర సున్న.
సంఘానికైతే రెండు.
కన్నడం వాళ్ళ న్యాయకు సున్న లేదు గానీ
సంబళకు మొదట్లోనే ఉంది.

నవ్వుతుందని చెప్పాను.
ఓబులక్క బొటనవేలు లైటు కింద పెట్టి చూసుకుంది.
"చీపురు గీతలన్నీ తినేసిందిరా,
హాజరు మిషను నన్ను గుర్తుపట్టదు.
వచ్చినా రానట్టే.
దాని లెక్కలో నేనూ అదే."

నల్లగుడ్డ రిబ్బన్లు కత్తిరిస్తున్న జుబేదా
తల ఎత్తకుండా అనింది,
"సున్నకు ముందర ఒకటి నిలబెడితే పది గదా భయ్యా."
"ఆ ఒకటి ఎవురు?" అంది ఓబులక్క.
కత్తెర ఆగింది.
కరెంటు పోయింది.
చీకట్లో పెయింటు వాసన మాత్రం మిగిలింది.

ఫ్రీడం పార్కు ఒకప్పుడు జైలు.
కావలి బురుజు ఇంకా నిలబడే ఉంది,
ఇప్పుడు దాని మీద పావురాలు డ్యూటీలో ఉన్నాయి.
ఈ ఊళ్ళో కోపానికి ఇచ్చిన జాగా ఇది,
పది నుంచి నాలుగు దాకా.
మసీదు కమిటీ వాళ్ళు డ్రమ్ముతో టీ పంపారు.
చర్చి లారెన్స్ జంపఖానాలు తెచ్చాడు, కొన్ని తడివి.
కాలేజీ పిల్లలు డప్పు మోగించారు,
దెబ్బ తప్పినప్పుడల్లా
మా వెనక వరస ఆడవాళ్ళ భుజాలు ఉలిక్కిపడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ నా అట్ట ముందు ఆగాడు.
తల వంచి, కూడబలుక్కుని చదివి,
"న్యాయక్కె యాకె సొన్నె?" అన్నాడు.
"మాకు అట్లే వచ్చింది సార్"
అంది ఓబులక్క.
ఆయన టోపీ సర్దుకుని ముందుకు నడిచాడు.

నాలుగైంది. విజిల్.
అలవాటు చొప్పున అరవైమంది నడుములు వంగాయి,
పేపరు కప్పులు ఏరడానికి.
"లెయ్యండే" అని కసిరింది ఓబులక్క.
"ఈ పొద్దు మనం ఊడ్చేది లేదు."
కొడగు పిల్ల దేచమ్మ చీపురందుకుంది,
పెళ్ళిలో చామరం పట్టినట్టు పట్టుకుంది.
దుమ్మంతా ఊడ్చినచోటికే తిరిగొస్తోంది.
ఓబులక్క చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని
ఓర్చుకుంది, ఓర్చుకుంది,
చివరికి లేచి,
"ఇట్ల గాదమ్మా, పిడి ఈడ పట్టు" అని
ఆ పిల్ల వేళ్ళ మీద తన వేళ్ళు వేసింది.

ఒక నెల జీతం పడింది.
రెండు నెలలది బాకీ.
మారెక్క కాలికి ఇనపకడ్డీ అట్లనే ఉంది.

బుధవారం తెల్లారి షట్టర్ ఎత్తుతుంటే
రోడ్డవతల ఓబులక్క.
చేట దొరకలేదేమో,
నా ఆరో అట్టను నేలకానించి
ఎండుటాకులు దాని మీదికి తోస్తోంది.
నన్ను చూసి కొంచెం సిగ్గుపడి,
"గట్టి అట్టరా" అనింది.
ఆకుల కింద అక్షరాలు మునిగాయి.
చివరి సున్న ఒక్కటి
కప్పడక కనిపిస్తోంది.